తామర మీద ఆ ట్యూబు రాయకండి: చర్మ కణాల్లోని రిసెప్టర్లు చెప్పే సంగతి

హోసూరులో మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబం మాది. నిరుడు వానాకాలంలో మా అన్నగారి అబ్బాయికి నడుము దగ్గర, బెల్టు బిగించే చోట, రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ లేచింది. అంచు ఎర్రగా ఉబ్బి ఉంది, మధ్యలో మామూలు చర్మంలాగే ఉంది. ఒకటే దురద. మందుల షాపులో చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు రోజులకే దురద పోయింది. వారం తిరిగేసరికి మచ్చ కూడా పలచబడింది. ఇంత మంచి మందు ఇంట్లో ఉండాలని ఇంకో రెండు ట్యూబులు తెచ్చి అలమరలో పెట్టుకున్నాం.

ఆపిన పది రోజులకు మచ్చ మళ్లీ వచ్చింది. ఈసారి రెండు మచ్చలు. మళ్లీ రాశాం, మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడు నెలలు గడిచేసరికి తొడల దాకా పాకింది. ఒకే తువ్వాలు వాడుకునే అలవాటు వల్ల ఇంట్లో మరో ఇద్దరికి అంటుకుంది. చివరికి చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన మచ్చను చూడకముందే అడిగిన మాట: "ఇన్నాళ్లూ ఏం రాశారు? ఆ ట్యూబు తెచ్చారా?" చూసి తల పంకించారు. అది తామర. మేము మూడు నెలలుగా దాని మీద బలమైన స్టెరాయిడ్ రాస్తూ వచ్చాం.

రోగాన్ని పెంచే మందు రెండు రోజుల్లో దురదను ఎలా పోగొట్టింది? తగ్గినట్టే కనిపించిన మచ్చ ఎందుకు పాకింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. అది మన చర్మ కణాల్లో ఉండే రిసెప్టర్లలో ఉంది. మేము వైద్యులం కాము. కానీ ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ మూడు నెలల బాధ తప్పేదని అనిపించింది. అందుకే తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

కణానికి కబురు ఎలా అందుతుంది?

చర్మం అంటే ఒంటికి కప్పిన తోలు మాత్రమే అనుకుంటాం. నిజానికి పెద్దవాళ్లలో సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు పరుచుకున్న సజీవమైన అవయవం అది. పై పొరలో గోడ కట్టే కణాలు, రంగునిచ్చే కణాలు, కాపలా కాసే రోగనిరోధక కణాలు ఉంటాయి. వాటి మధ్య దాకా సన్నని నరాల కొసలు వచ్చి ఉంటాయి. వీటికి కళ్లు లేవు, చెవులు లేవు. బయట ఎండ కాస్తోందో, చీమ కుట్టిందో, క్రిమి చొరబడిందో వాటికి తెలియాలంటే కబురు మోసే రసాయనాలు కావాలి, ఆ కబురు అందుకునే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటునే రిసెప్టర్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు.

తాళం, తాళంచెవి పోలిక దీనికి చక్కగా సరిపోతుంది. రిసెప్టర్ తాళం, కబురు తెచ్చే రసాయనం తాళంచెవి. సరైన చెవి పడితే తాళం తిరుగుతుంది, కణం లోపల ఒక పని మొదలవుతుంది. కొన్ని తాళాలు కణం పైపొర మీద ఉంటాయి. కొన్ని కణం లోపలే ఉంటాయి. వాటి చెవి లోపలికి వెళ్లి మరీ తిప్పాలి. మందు చేసే పని కూడా చాలాసార్లు ఇదే. కొన్ని మందులు తాళం తెరుస్తాయి. కొన్ని వేరే చెవి పట్టకుండా తాళం బొర్రలో అడ్డుగా కూర్చుంటాయి. 1905లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ మందులు పనిచేయాలంటే కణాల్లో వాటిని అందుకునే పదార్థం ఒకటి ఉండాలని ప్రతిపాదించాడు. నేటి చర్మ వైద్యం చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

దురదలన్నీ ఒకటి కావు

పచ్చిమిరపకాయలు తరిగాక చేతులు భగ్గున మండుతాయి. చేతికి నిప్పు తగలలేదు, చర్మం కాలలేదు. మరి మంట ఎక్కడిది? వేడిని కనిపెట్టే రిసెప్టర్ ఒకటి నరాల కొసల మీద ఉంటుంది. పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది మేలుకుంటుంది. మిరపలోని కాప్సైసిన్ కూడా అదే తాళంలో పడుతుంది. అందుకే మెదడుకు కాలుతోందన్న కబురే వెళ్తుంది. అమృతాంజనం లాంటి బామ్ రాసుకున్నప్పుడు చల్లగా అనిపించడం దీనికి జోడు. అందులోని మెంథాల్ చల్లదనాన్ని కనిపెట్టే మరో రిసెప్టర్‌ను తట్టి లేపుతుంది. వేడిని కనిపెట్టే రిసెప్టర్‌ను 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను కనిపెట్టే రిసెప్టర్లను గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

దురదకూ ఇలాగే వేరువేరు తాళాలు ఉన్నాయి. మందో, తిండో పడక ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడు చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది హెచ్1 రిసెప్టర్‌లో పడగానే చర్మం ఉబ్బుతుంది, దురద పెడుతుంది. సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆ హెచ్1 తాళాన్ని పనిచేయనివ్వవు. అందుకే దద్దుర్లకు అవి బాగా పనిచేస్తాయి.

ఎగ్జిమా దురద ఆ దారిలో వచ్చేది కాదు. అక్కడ ఐఎల్-31, ఐఎల్-4, ఐఎల్-13 అనే వేరే దూతలు నరాల మీది వేరే రిసెప్టర్లను తడతాయి. కనుక పిల్లవాడు ఎగ్జిమాతో రాత్రంతా గోక్కుంటుంటే దద్దుర్ల మాత్ర వేసి తగ్గలేదని బాధపడటంలో అర్థం లేదు. తాళం ఒకటి, మనం అడ్డుకుంటున్నది మరొకటి. పాతకాలపు మత్తు మాత్రలు వేస్తే పిల్లవాడు పడుకుంటాడు. అది మెదడులోని హెచ్1 రిసెప్టర్ల మీద పనిచేయడం వల్ల వచ్చిన నిద్రే తప్ప, దురద తగ్గి వచ్చిన నిద్ర కాదు.

గోడకు బీటలు పడితే: ఎగ్జిమా

చర్మం పై పొరను ఇటుక గోడలా ఊహించుకోండి. ఆ ఇటుకలు గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తోడ్పడుతుంది. దాన్ని తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. గోడ బలహీనమైతే లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, క్రిములు లోపలికి దూరతాయి. కాపలా కణాలు కంగారుపడి ఐఎల్-4, ఐఎల్-13 దూతలను పంపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ దూతల కబురు అందుకున్న చర్మ కణాలు ఫిలాగ్రిన్ తయారీని ఇంకా తగ్గించేస్తాయి. గోడ మరింత బీటలు వారుతుంది. దురద పెడుతుంది, గోకుతాం, గోరు తగిలి గోడ ఇంకా చెదురుతుంది.

ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఐఎల్-4, ఐఎల్-13 రెండూ వాడుకునే ఉమ్మడి రిసెప్టర్ భాగాన్ని మూసేస్తుంది. దానికి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఐఎల్-31 రిసెప్టర్‌ను మూసే నెమోలిజుమాబ్‌కు 2024లో అక్కడే అనుమతి దొరికింది. ఇవి తీవ్రమైన జబ్బుకు వాడే ఖరీదైన మందులు. ఎక్కువమందికి అంతదాకా అవసరం రాదు. గోడను కాపాడుకోవడమే సగం వైద్యం. స్నానం గోరువెచ్చని నీళ్లతో చేసి, ఒళ్లు తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ పట్టించాలి. మరిగే నీళ్లు పోసుకుంటే దురద అప్పటికి హాయిగా అణగినట్టు ఉంటుంది, కాసేపటికి రెట్టింపవుతుంది.

మన ఇళ్ల అలవాట్ల గురించి రెండు మాటలు. పసిపిల్లలకు సున్నిపిండితో నలుగు పెట్టడం మనం ఏ రాష్ట్రంలో ఉన్నా మానుకోని ఆచారం. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం ఆ రాపిడి వద్దు. ఒడిశాలో స్థిరపడిన మన కుటుంబాలు ఇరుగుపొరుగును చూసి ఆవనూనె మర్దన అలవాటు చేసుకున్నాయి. ఆవనూనె ఘాటుకు కారణమైన రసాయనం నరాల మీది టీఆర్‌పీఏ1 అనే రిసెప్టర్‌ను రేపుతుంది. బాగున్న చర్మం దాన్ని తట్టుకోవచ్చు గానీ, బీటలు వారిన చర్మానికి అది పుండు మీద కారమే.

ఆగని కబురు: సోరియాసిస్

మామూలుగా చర్మం పై పొర మారడానికి నెల రోజులు పడుతుంది. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి వచ్చి రాలిపోతుంది. సోరియాసిస్‌లో ఈ ప్రయాణం నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. కణాలు ముదరకుండానే పైకి వచ్చి పొలుసులుగా పేరుకుంటాయి.

దీని వెనక ఉన్న ప్రధాన దూత ఐఎల్-17. నిజానికి అది శత్రువు కాదు. ఫంగస్, బ్యాక్టీరియా వచ్చినప్పుడు సైన్యాన్ని పిలిచేది అదే. సోరియాసిస్ ఉన్నవారిలో శత్రువు లేకపోయినా నగారా మోగుతూనే ఉంటుంది. చర్మ కణాల మీది ఐఎల్-17 రిసెప్టర్‌కు ఆగకుండా కబురు అందుతుంది. ఆ కణాలు వేగంగా విభజన చెందుతాయి, ఇంకా సైనిక కణాలను రమ్మని పిలుస్తాయి. వచ్చినవి మళ్లీ ఐఎల్-17 వదులుతాయి.

ఐఎల్-17ను దారిలోనే పట్టుకునే సెకుకినుమాబ్‌కు 2015లో, దాని రిసెప్టర్‌నే మూసేసే బ్రోడలుమాబ్‌కు 2017లో అమెరికాలో అనుమతులు వచ్చాయి. కర్ణాటకలోని మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. బెంగళూరులోని బయోకాన్ సంస్థ క్యూబాలోని హవానా పరిశోధకులతో కలిసి ఇటోలిజుమాబ్ అనే మందును రూపొందించింది. టీ కణాల మీది సీడీ6 అనే రిసెప్టర్‌కు అది అతుక్కుంటుంది. సోరియాసిస్‌కు మన దేశంలో 2013లో దానికి అనుమతి దొరికింది.

ఈ మందుల్లో ప్రతిదానికీ వెల ఉంది. రూపాయల వెల మాత్రమే కాదు. ఐఎల్-17 దారి మూస్తే ఫంగస్‌తో పోరాడే బలం కాస్త తగ్గుతుంది. అందుకే ఆ మందులు వాడేవారిలో నోటిపూత లాంటి కాండిడా ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువ. ఇలాంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఒంట్లో క్షయ దాగి ఉందేమో పరీక్షించడం కూడా ఇందుకే. ఆ పరీక్షలు అనవసరమని దాటేయకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, పెళ్లి చేసుకుంటే రాదు. కబురు అందుకునే వ్యవస్థలో తేడా అది. ఒకరి రిసెప్టర్ల తేడా మరొకరికి చేతి స్పర్శతో పాకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు 2014లో ఒక తీర్మానం చేసి, ఈ జబ్బు ఉన్నవారి పట్ల వివక్ష పోవాలని ప్రత్యేకంగా చెప్పాయి. మన సంబంధాలు కొద్ది కుటుంబాల మధ్యే తిరుగుతుంటాయి. పిల్ల మోచేతి మీద పొలుసులు కనిపించాయని మాట వెనక్కి తీసుకున్న వైనాలు వింటూనే ఉన్నాం. అది అజ్ఞానం వల్ల జరిగే అన్యాయం. ఇంకో జాగ్రత్త: సోరియాసిస్ ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి కీళ్లూ వాస్తాయి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతుంటే ఆ మాట కూడా డాక్టరు చెవిన వేయాలి.

పాత మందులకు కొత్త అర్థం

తారు పూత సోరియాసిస్‌కు ఎప్పటినుంచో ఉన్న వైద్యం. బట్టలకు అంటుకునే, ముక్కు మూసుకోవలసిన వాసన ఉండే ఆ తారు ఎందుకు పనిచేస్తుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. చర్మ కణాల్లోని ఏహెచ్ఆర్ అనే రిసెప్టర్‌ను అది మేల్కొలుపుతుందనీ, దానివల్ల గోడ కట్టే ప్రొటీన్ల తయారీ పెరుగుతుందనీ 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. అదే రిసెప్టర్ మీద పనిచేసే టాపినరోఫ్ క్రీముకు 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. దాని మూలం మట్టిలోని సన్నటి పురుగుల్లో బతికే ఒక బ్యాక్టీరియా.

విటమిన్ డి కథ ఇంకా చిత్రం. 1985లో జపాన్‌లో ఎముకలు పలచబడిన ఒక రోగికి విటమిన్ డి తరహా మందు ఇస్తే, అనుకోకుండా సోరియాసిస్ కూడా తగ్గింది. చర్మ కణాల్లోనూ విటమిన్ డి రిసెప్టర్ ఉంది, అది తెరుచుకుంటే కణాల విభజన నెమ్మదిస్తుంది. ఇప్పుడు డాక్టర్లు రాసే కాల్సిపోట్రియోల్ ఆ దారిలో వచ్చిందే.

మొటిమల వెనకా రిసెప్టరే ఉంది. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగినప్పుడు నూనె గ్రంథుల్లోని ఆండ్రోజన్ రిసెప్టర్లు తెరుచుకుని జిడ్డు ఎక్కువగా ఊరుతుంది. ముఖం కడుక్కోవడం లేదని పిల్లలను తిట్టడం వల్ల ఉపయోగం లేదు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్ర గురించి ఒక హెచ్చరిక. అది విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. గర్భం ధరించే అవకాశం ఉన్న ఆడపిల్లలు, స్త్రీలు డాక్టరు పర్యవేక్షణ లేకుండా దాని జోలికి పోకూడదు.

అన్ని గదులూ తెరిచే తాళంచెవి

ఇక మా ఇంటి ట్యూబు దగ్గరికి వద్దాం. స్టెరాయిడ్‌ను అందుకునే రిసెప్టర్ పేరు గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్. అది ఏదో ఒక జాతి కణంలో మాత్రమే ఉండేది కాదు. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. స్టెరాయిడ్ కణంలోకి దూరి ఆ రిసెప్టర్‌కు అతుక్కోగానే రెండూ కలిసి కేంద్రకంలోకి వెళ్తాయి. వాపును పెంచే దూతల తయారీని అక్కడే తగ్గించేస్తాయి. రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు పోతుంది. దురద, ఉబ్బు అణుగుతాయి. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికన్ వైద్యులు చర్మం మీద రాసే స్టెరాయిడ్ పనిచేస్తుందని చూపించినప్పుడు చర్మ వైద్యం తీరే మారిపోయింది. ఇవాళ్టికీ ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవారికి అది మేలైన మందే.

తామర సంగతి వేరు. అక్కడ నిజంగానే శత్రువు ఉంది, అది ఫంగస్. ఆ ఎర్రటి అంచు, ఆ దురద, మన కణాలు ఫంగస్‌తో పోరాడుతున్న ఆనవాళ్లు. క్రిముల ఉనికిని కనిపెట్టే టోల్ రిసెప్టర్ల లాంటి కాపలాదారులు చర్మంలో ఉన్నాయి. అలాంటి ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూపిన బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు 2011లో నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్ రాస్తే ఏమవుతుంది? దొంగ ఇంట్లో ఉండగానే కుక్కల నోరు కట్టేసినట్టవుతుంది. మొరుగు ఆగింది కాబట్టి దొంగ పోయాడనుకుని మనం నిద్రపోతాం. ఫంగస్ మాత్రం తీరిగ్గా పాకుతుంది. పైగా గుండ్రటి అంచు చెదిరిపోయి, డాక్టరు సైతం వెంటనే పోల్చుకోలేని రూపం వస్తుంది. స్టెరాయిడ్ వల్ల రూపం మారిన ఇలాంటి తామరను 1968లోనే వైద్య పత్రికలో వర్ణించి, మారువేషం అనే అర్థంలో దానికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు.

మన దేశంలో ఈ పదేళ్లలో మొండి తామర బాగా పెరిగింది. మామూలు మాత్రలకు లొంగని ఫంగస్ రకం ఒకటి ఇక్కడ వ్యాపించింది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే ఇండియా ఉంది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ ఒకే ట్యూబులో కలిపి అమ్మే క్రీములను ఎవరికి తోచినట్టు వారు వాడటం ఇందుకు ఒక కారణమని చర్మ వైద్యులు చెబుతూనే ఉన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన బిగించింది. అయినా చీటీ అడగని షాపులు ఎక్కడ లేవు?

తెల్లబడటానికి రాసుకునే క్రీముల విషయమూ ఇదే. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రంగు తయారీని తగ్గిస్తుంది. మొదటి నెల ముఖం తేటగా కనిపిస్తుంది. పెళ్లి కుదిరిన పిల్లకు పక్కింటావిడ చెప్పిన ఆ క్రీము రాస్తారు. కానీ గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ తయారుచేసే కణాల్లోనూ ఉంది. అక్కడా పని ఆగిపోతుంది. చర్మం పలచబడుతుంది, సన్నని నరాలు బయటపడతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపేస్తే ముఖం మండిపోతుంది, అందుకని ఆపలేరు. గజ్జల్లో రాస్తే పడే చారలు ఇక చెరగవు. కళ్ల చుట్టూ ఏళ్ల తరబడి రాస్తే గ్లకోమా, శుక్లాల ముప్పు ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ ట్యూబు కోసమే పుట్టిందేమో!

అలాగని స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి, డాక్టరు బిడ్డ ఎగ్జిమాకు రాసిన క్రీమును పక్కన పడేయడమూ తప్పే. సరైన జబ్బుకు, సరైన బలంలో, చెప్పినన్ని రోజులు రాస్తే అది మేలే చేస్తుంది. కొలతకు ఒక సులువు ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నొక్కితే వచ్చేది సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

మన చర్మం మీద ఎరుపు ఎర్రగా ఉండదు

పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో కనిపించే బొమ్మలు ఎక్కువగా తెల్లవాళ్ల చర్మానివి. చామనఛాయ, నలుపు చర్మం మీద వాపు ఊదాగానో, ముదురు గోధుమగానో, బూడిద రంగులోనో కనిపిస్తుంది. ఎర్రగా లేదు కనుక ఏమీ లేదనుకోకండి. వాపు తగ్గాక నల్ల మచ్చ నెలల తరబడి మిగలవచ్చు. రంగు కణాలు ఆ గొడవలో అందుకున్న కబురుకు ఎక్కువ రంగు తయారుచేయడమే దానికి కారణం. జబ్బు తగ్గలేదని పొరబడి దాని మీద మళ్లీ స్టెరాయిడ్ రాయకూడదు. మరో మాట. దురద లేకుండా పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అది కుష్ఠు కావచ్చు. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

డాక్టరు దగ్గర ఏ మాట వాడాలి?

ఇది మనలాంటి కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు. ఇంట్లో పెద్దలు తెలుగులోనే బాధ చెబుతారు, ఆసుపత్రిలో మరో భాష. మనం గజ్జి, తామర అని జంటగా వాడేస్తాం గానీ రెండూ వేరు. గజ్జి ఒక సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. రాత్రిపూట దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటాయి, ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలి. తామర ఫంగస్ వల్ల వస్తుంది. తమిళనాడులో తామరను పడర్‌తామరై అంటారు, దురద అరిప్పు, ఎగ్జిమా కరప్పాన్. కర్ణాటకలో దురద తురికె, తామర హుళుకడ్డి, గజ్జి కజ్జి. మహారాష్ట్రలో దురద ఖాజ్, తామర గజకర్ణ లేదా నాయటా. ఒడిశాలో తామర జాదు, గజ్జి కాఛు, దురద కుండియా. యానాంలో తెలుగే చెల్లుతుంది. పెద్ద వైద్యానికి పుదుచ్చేరి వెళ్లేవారికి తమిళ మాటలు అక్కరకొస్తాయి.

వెళ్లేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, నాటు మందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ట్యూబు మీది చిన్న అక్షరాలు పిల్లలతో చదివించండి. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. మొదలైన రోజు, పాకిన తీరు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంట్లో ఇంకెవరికి ఉందో చెప్పండి. చాలాకాలంగా రాస్తున్న స్టెరాయిడ్‌ను ఎలా మానాలో కూడా డాక్టరునే అడగండి.

మా ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి ఫంగస్ మందు మొదలుపెట్టారు. తువ్వాళ్లు వేరు చేశాం. బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి, లోదుస్తులకు కూడా ఇస్త్రీ చేశాం. మచ్చ కనపడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు ఆపలేదు. పూర్తిగా పోవడానికి రెండు నెలలకు పైనే పట్టింది. అబ్బాయి తొడల మీద స్టెరాయిడ్ వల్ల పడిన చారలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

అలమరలో ఉన్న ట్యూబును ఈ పూటే ఒకసారి తీసి పేరు చదవండి. డాక్టరు రాసింది కాకపోతే, అది ఏ జబ్బుకో తెలియకపోతే, ఇంకొకరి మచ్చ మీద రాయకండి. ఎదురింటివారు అడిగినా ఇవ్వకండి.